కింద పడేవాడి పక్షాన

“పడుడు నేర్చుకోనీకి ఫీజు కట్టాల్నా?”

కొడుకును జూడోలో చేర్పిద్దామని వచ్చి, గోడవారగా నిలబడి అరగంట క్లాసు చూసిన తండ్రి అడిగే మాట ఇది. కాచిగూడ నుంచి తార్నాక దాకా ఎక్కడ విన్నా ఇదే మాట, యాస ఒక్కటే మారుతుంది. ఆ అరగంటలో ఆయన చూసిందేమిటి? ఇద్దరు పిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు. ఒకడు పడేశాడు, ఇంకొకడు పడ్డాడు. పడేసినవాడికి ఏదో విద్య వచ్చినట్టుంది. పడ్డవాడికి వీపు నొప్పి తప్ప ఏమొచ్చినట్టు?

ఆ తండ్రితో నాకు పేచీ లేదు. ఆయన బయటి మనిషి. నా గొడవంతా లోపలివాళ్లతో. ఇదే అభిప్రాయం, ఇంకాస్త మర్యాదైన భాషలో, జపాన్ యుద్ధవిద్యలు నేర్పేవాళ్లలోనూ వాటిని వెక్కిరించేవాళ్లలోనూ సమానంగా పాతుకుపోయింది. సాధనలో ఇద్దరుంటారు: పట్టు వేసేవాడు, ఆ పట్టు తన ఒంటి మీద వేయించుకునేవాడు. జూడోలో వాళ్లను తోరి, ఉకే అంటారు. ఐకిడోలో నాగే, ఉకే. కత్తి విద్యల్లో షిదాచి, ఉచిదాచి. ఏ పేరైనా లోకం తీర్పు ఒకటే. పని చేసేది మొదటివాడు, రెండోవాడు సామాను. తన వంతు వచ్చేదాకా ఓపిగ్గా పడుతుండటమే వాడి పని. ఈ తీర్పులో కొంచెం సవరణ కోరడానికి నేనిది రాయడం లేదు. ఇది తలకిందుల తీర్పు.

జూడోను నిలబెట్టిన కానో జిగోరో కుర్రతనంలో జరిగిన సంగతి ఒకటి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. జుజుత్సు గురువు ఫుకుదా హచినోసుకే ఒక పట్టుతో ఆయన్ని పడేశాడు. చెయ్యి ఎక్కడ పెట్టాలి, కాలు ఎటు తిప్పాలి అని కానో అడిగాడు. గురువు జవాబు చెప్పలేదు, మళ్లీ పడేశాడు. మళ్లీ అడిగితే మళ్లీ పడేశాడు. కానో చదువుకున్నవాడు, మాటల్లో పెట్టి చెప్పడం తెలిసినవాడు. 1882లో టోక్యోలోని ఒక బౌద్ధ ఆలయంలో కొడోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టి, గురువు చెప్పకుండా వదిలేసిన సూత్రాలన్నీ విడమరిచి బోధించాడు. కానీ పడటాన్ని మాత్రం పాఠంలోంచి తీసెయ్యలేదు. ఎదుటివాడి బరువు ఎప్పుడు తప్పుతుందో ముందు తానే తప్పి పడి తెలుసుకున్నవాడు ఆయన.

ఆయన కూర్చిన నాగే నో కతా అనే జంట సాధన క్రమం చూడండి. ఐదు వర్గాలు, వర్గానికి మూడు చొప్పున పదిహేను పట్లు. ప్రతిదీ కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. అంటే ఒక్క ప్రదర్శనలో ఉకే ముప్పై సార్లు నేల కరుస్తాడు. చూసేవాళ్ల కళ్లన్నీ తోరి మీదే ఉంటాయి. మొదటి పట్టునే దగ్గర్నుంచి చూద్దాం. ఉకే ముందుకొచ్చి తోరి కోటు పట్టుకుని నెడతాడు. తోరి వెనక్కి ఒక అడుగు వేస్తాడు. ఉకే మళ్లీ నెడతాడు, తోరి మళ్లీ వెనక్కి. మూడో అడుగుకు తోరి ఉన్నట్టుండి ఒక మోకాలు నేల మీద ఆనించి, ఉకే ఏ దిక్కుకు నెడుతున్నాడో అదే దిక్కుకు లాగుతాడు. ఉకే గాల్లో తిరిగి పడతాడు. ఇందులో నడుముతో ఎత్తడం లేదు, కాలితో ఊడ్చడం లేదు. ఉకే నెట్టిన నెట్టుడే పట్టుకు పెట్టుబడి. వాడు మూడో అడుగులో నిజంగా నెట్టకపోతే తోరి చేతుల్లో ఏమీ ఉండదు. పడతానని ముందే తెలుసు కదా అని రెండో అడుగులోనే గెంతితే పట్టు అబద్ధమవుతుంది. పడకూడదని బిగుసుకుంటే అసలు పట్టే ఉండదు. నిజంగా దాడి చెయ్యాలి, ఫలితం తెలిసీ చెయ్యాలి, ఫలితం వచ్చేదాకా దాన్ని ముందుగా ఒప్పుకోకూడదు. ఇది సామాను చేసే పనా?

ఇంకో సంగతి. ఆ పదిహేనులో చివరి ఆరు పట్లు సుతెమి వర్గానివి. వాటిలో తోరి తన వీపునో పక్కనో తానే ముందు నేలకు అప్పగించి, ఆ ఊపులో ఉకేను పడేస్తాడు. ముందు పడినవాడు ఓడినట్టయితే కానో మహాశయుడు తన ప్రధాన పాఠంలో ఐదింట రెండువంతుల్ని ఓటమికే రాసిచ్చినట్టు లెక్క.

ఇక వెక్కిరించేవాళ్ల సంగతి. వీళ్ల వాదానికి బలముంది, కాబట్టి కాస్త నిదానంగా మాట్లాడాలి. “వాడు సహకరిస్తున్నాడు కాబట్టి పడుతున్నాడు. ఇదంతా ముందే అనుకున్న నాటకం. నిజమైన దొంగ ఇట్ల చెయ్యి చాపి నిలబడ్తడా?” ఐకిడో వీడియో ఏది పెట్టినా కింద ఇదే మాట. పదేళ్లుగా జిమ్‌కి వెళ్లే కుర్రాడు దాన్ని ఇంకో మెట్టు ఎక్కిస్తాడు: పోటీ లేని సాధన సాధనే కాదంటాడు. మరి బాక్సింగ్‌లో కోచ్ చేతులకు ప్యాడ్లు తొడుక్కుని, గుద్దు ఎక్కడ పడాలో అక్కడే పెడుతున్నాడే, అదీ నాటకమేనా? ఆ కోచ్‌ను ఎవడూ సామాను అనడు. ప్యాడ్ పట్టడం తెలిసిన కోచ్ కోసం బాక్సర్లు ఊళ్లు దాటి వెళతారు. ప్యాడ్ అరంగుళం ముందు పెట్టాలా వెనక పెట్టాలా, ఈ కుర్రాడి ఎడమ భుజం ఎందుకు దిగిపోతోంది అనేవన్నీ కోచ్ అరచేతిలో చదువుకుంటాడు. ఉకే అదే పనిని ఒళ్లంతా పెట్టి చేస్తాడు.

సహకారానికీ అబద్ధానికీ తేడా తెలియకపోవడమే ఈ వాదంలోని తప్పు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ఎక్కడ అడ్డుప్రశ్న వెయ్యాలో వాళ్లకు ముందే తెలుసు, కథ ఎటు పోతుందో కూడా తెలుసు. అయినా ఆ ప్రశ్న చావుగా పడితే కథకుడెంత మొనగాడైనా జనం లేచిపోతారు. వంత నిజంగా అడిగితేనే కథ నిజంగా నడుస్తుంది. ఉకే దాడి కూడా అలాంటి ప్రశ్నే.

అబద్ధపు ఉకేలు ఉన్నారా? ఉన్నారు, బోలెడంతమంది. కరాటే క్లాసుల్లో ఒక జబ్బు చూస్తుంటాను. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకడు ముఖానికి గుద్దాలి, ఇంకొకడు అడ్డుకుని తిరిగి కొట్టాలి అంటారు. గుద్దేవాడు మంచి పిల్లాడు కాబట్టి ముఖానికి జానెడు దూరంలో ఆపుతాడు, లేదా చెవి పక్కకు గుద్దుతాడు. అడ్డుకునేవాడు గాలిని అడ్డుకుంటాడు. ఇద్దరూ గట్టిగా అరుస్తారు. ఆరు నెలల తర్వాత బెల్టు రంగు మారుతుంది. ఇక్కడ మోసపోయిందెవరు? అడ్డుకున్నవాడు. వాడిని మోసం చేసింది మర్యాదస్తుడైన దాడిదారు. అడ్డుకోకపోతే ముక్కుకు తగిలే గుద్దు ఇవ్వాలి. నెమ్మదిగా ఇవ్వచ్చు, బలం తగ్గించి ఇవ్వచ్చు, దూరం మాత్రం తగ్గించకూడదు. అంత నిజాయితీగా గుద్దడం నేర్పని మాస్టర్, అడ్డుకోవడం మాత్రం ఎలా నేర్పుతాడు?

కాబట్టి వెక్కిరించేవాళ్లు చూపించిన రోగం నిజమే. వాళ్లు రాసిన మందే తప్పు. జంట సాధనను పారేసి పోటీ ఒక్కటే మిగుల్చుకుంటే కొత్తవాడు మొదటి నెలలోనే ఇంటికి పోతాడు, మిగిలేది పుట్టుకతో బలమున్నవాడు. కానో తన విద్యలో రెండూ ఉంచాడు. ముందే నిర్ణయించిన కతా ఒకవైపు, ఏమీ నిర్ణయించని రందోరి ఇంకోవైపు. ఆయన శిష్యుడు తొమికి కెంజి వసేదా విశ్వవిద్యాలయంలో ఐకిడో నేర్పుతూ ఒక పోటీ పద్ధతి రూపొందించాడు. ఒకడి చేతిలో మెత్తటి నకిలీ బాకు. వాడు పొడవాలి, ఎదుటివాడు వట్టి చేతులతో తప్పించుకుని పట్టు వెయ్యాలి. ఆట సగమయ్యాక బాకు చేతులు మారుతుంది. పొడిచేవాడు గెలవడానికే పొడుస్తాడు కాబట్టి అక్కడ అబద్ధానికి చోటు లేదు. పాత్రలు మాత్రం ఉన్నాయి. పాత్రలు తీసేస్తే అబద్ధం పోతుందనుకోవడం తలనొప్పికి తల తీసెయ్యడం లాంటిదని తొమికికి తెలుసు.

అసలు వాదం ఇప్పుడు. ఈ రెండు పాత్రల్లో పెద్దవాడు ఏది తీసుకోవాలి?

జపాన్ పాత కత్తి సంప్రదాయాల్లో జవాబు స్పష్టం. దాడి మొదలుపెట్టి చివరికి ఓడే ఉచిదాచి పాత్ర పెద్దవాడిది. గెలిచే షిదాచి పాత్ర నేర్చుకునేవాడిది. నేటి కెండోలోనూ అదే కట్టుబాటు. 1912లో స్థిరపడిన పది కతాల్లో ఏడు పొడవు కత్తికి, మూడు పొట్టి కత్తికి. పదింటిలోనూ గెలుపు షిదాచిదే, పదింటిలోనూ ఓడేది గురుస్థానం. రోజువారీ సాధనలోనూ అంతే. సీనియర్ మోతోదాచిగా నిలబడి, తన కత్తి మొనను కొద్దిగా పక్కకు జరిపి, కుర్రాడికి తలనో మణికట్టునో తెరిచి చూపిస్తాడు. ముందుగా తెరిస్తే కుర్రాడికి చూపు పదునెక్కదు, ఆలస్యంగా తెరిస్తే వాడి ఊపు విరిగిపోతుంది. ఎవడికి ఎంత తెరవాలో తెలియాలంటే అవతలివాడి స్థాయి వాడికంటే తనకే బాగా తెలిసేంత అనుభవం ఉండాలి. షింతో ముసో ర్యూ అనే కర్ర విద్యలో కర్రవాడు గెలుస్తాడు, కత్తివాడు ఓడతాడు. కత్తి పట్టేది సీనియర్. ఆ విద్య పుట్టుక గురించి చెప్పుకునే కథలో మూలపురుషుడు ముసో గొన్నొసుకే, ఖడ్గవీరుడు మియమొతో ముసషి చేతిలో ఓడిపోయాకే కర్రను కొత్తగా ఆలోచించాడట. ఓడటం అవమానమైతే ఆ విద్యే ఉండేది కాదు.

ఇదంతా జపాన్ వింత అనుకోకండి. పాతబస్తీ కుస్తీ తాలీంలో ఉస్తాద్ కొత్త కుర్రాడితో జోరు చేసేటప్పుడు తన మెడ, తన కాలు వాడి చేతికిస్తాడు. పట్టు సరిగ్గా పడితే ఒరుగుతాడు, పడకపోతే కదలడు. ఆ ఉస్తాద్‌ను కుర్రాడు ఓడించాడని ఆ గోదాలో ఎవడూ అనుకోడు.

ఐకిడోలో మాత్రం లెక్క తిరగబడింది. అక్కడ గురువు పడేస్తాడు, శిష్యుడు పడతాడు. దానికీ ఒక న్యాయముంది. ఐకిడో మూలపురుషుడు ఉయెషిబా మొరిహెయి మాటల్లో చెప్పింది అర్థం కాక ఆయన శిష్యులే తలలు పట్టుకునేవారు. ఆయన చేతిని తమ చేతితో పట్టుకున్నాకే విద్య ఎక్కింది. ఆయనకు ఉకేలుగా నేల కరిచినవాళ్లే తర్వాత గురువులయ్యారు. షియొదా గొజో అందుకు సాక్షి. పడటం ద్వారానే విద్య అందుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కానీ ఈ ఏర్పాటులో ఒక ప్రమాదం దాగుంది. గురువు పడేసేవాడైనప్పుడు శిష్యుడికి ఆయన్ని మెప్పించాలనిపిస్తుంది. పట్టు పూర్తిగా పడకముందే వాడు పడతాడు. గురువుకు తన విద్య పెరుగుతోందని భ్రమ. ఇరవై ఏళ్లు గడిచేసరికి వేలు చూపిస్తే పదిమంది ఎగిరి పడే స్థితి వస్తుంది. వీడియోల కింద నవ్వేవాళ్లు నవ్వుతున్నది దీన్ని చూసే. నవ్వాల్సిందే.

మన ఊళ్లో ఈ రోగం ఇంకో రూపం తొడుక్కుంది. మహిళా దినోత్సవానికి కాలేజీ వేదికల మీద ఆత్మరక్షణ ప్రదర్శన పెడతారు. ఎనభై కిలోల మాస్టర్ వెనక నుంచి పట్టుకుంటాడు. ఇంటర్ చదివే అమ్మాయి మోచేత్తో ఒకటి తగిలించి, మణికట్టు తిప్పుతుంది. ఆయన సినిమా ఫైటర్‌లా ఎగిరి పడతాడు. చప్పట్లు, ఫొటో, మర్నాడు పేపర్లో అరకాలం వార్త. మంచి ఉద్దేశమే. కానీ ఆ అమ్మాయికి ఏం చెప్పి పంపించారు? తిప్పితే పడతాడని చెప్పారు. రేపు నల్లకుంట సందులో ఎవడో మణికట్టు పట్టుకున్నప్పుడు, వాడు పడనప్పుడు, మొదటి క్షణంలోనే ఆమె గుండె జారిపోతుంది. ఆమెకు కావలసింది పడిపోయే మగాడు కాదు. తిప్పింది తప్పయితే వదలకుండా పట్టుకుని, “ఇంకొంచెం నీ వైపు లాగమ్మా, మోచెయ్యి దించు” అని చెప్పి, సరిగ్గా పడ్డప్పుడే ఒరిగే ఉకే. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. వరుసలు కట్టి గాలిలోకి గుద్దులు గుద్దించడంతోనే ఆ మూడు నెలలూ గడిచిపోతే, వాళ్లు ఇంకో మనిషి బరువును ఒక్కసారి కూడా తాకకుండానే సర్టిఫికెట్ తీసుకుంటారు.

పడెయ్యకుండానే ఇంకో మనిషి బరువును ఎలా తాకాలో చూపడానికి, కానో గురువు ఫుకుదా హచినోసుకే మనవరాలు కేకో ఫుకుదా మంచి ఉదాహరణ. జు నో కతాలో ఆమె పెద్ద పేరు. తొంభై తొమ్మిదేళ్లకు 2013లో చనిపోయేదాకా ఆమె జీవితం జూడోతోనే గడిచింది. జు నో కతాలో ఎవరినీ పడెయ్యరు. ఎత్తుతారు, బ్యాలెన్స్ తప్పే అంచు దాకా తీసుకెళ్లి దించేస్తారు. మామూలు బట్టల్లో కూడా చేసుకోవచ్చు. పడటమే లేని చోట కూడా ఉకే ఉన్నాడు, దాడి చేస్తూనే ఉన్నాడు. ఉకే అంటే పడేవాడని మాత్రమే అనుకునేవాళ్లు ఇది చూడాలి.

ఇక పడటం గురించి. దీన్ని తక్కువ చేస్తే ఏమవుతుందో జపాన్‌కు చాలా ఖరీదు పెట్టి తెలిసింది. 1983 నుంచి మూడు దశాబ్దాల్లో అక్కడి బడుల్లో జూడో చేస్తూ చనిపోయిన పిల్లలు వందకు పైమాటే. నగొయా విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఉచిదా ర్యో ఈ లెక్కలు పోగేసి బయటపెట్టాడు. 2012లో మిడిల్ స్కూళ్లలో యుద్ధవిద్యలు తప్పనిసరి చేసినప్పుడు తల్లిదండ్రులు భయపడింది ఇందుకే. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది తలకు దెబ్బ తగిలినవాళ్లు, అందులోనూ కొత్తగా చేరిన మొదటి ఏడాది పిల్లలు. కాలు వెనక నుంచి ఊడ్చి వెల్లకిలా పడేసే ఒసొతో గారి పేరు ఆ కేసుల్లో పదే పదే వినిపిస్తుంది. పడటం రానివాడిని పడెయ్యడం వచ్చినవాడు పడేశాడు. ఆ మరణాల సారాంశమంతా ఈ ఒక్క వాక్యం.

పడటమంటే చేతులెత్తెయ్యడం కాదు. గడ్డం ఛాతీకి ఆనాలి, చూపు బెల్టు ముడి మీద ఉండాలి, ఊపిరి వదలాలి, వీపు తాకే క్షణానికే చెయ్యి మ్యాట్‌ను చరచాలి. ఆ చెయ్యి ఒంటికి మరీ దగ్గరైతే పక్కటెముక కింద ఇరుక్కుంటుంది, మరీ దూరమైతే భుజం లాగేస్తుంది. తోరి పని కూడా పడెయ్యడంతో అయిపోదు. తన చేతిలో ఉన్న ఉకే చొక్కా చేతిని చివరి క్షణంలో పైకి లాగి పట్టుకోవాలి, అవతలివాడి తల నేలకు తగలకుండా. పడేసి వదిలేసేవాడికి జూడో రానట్టే. ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే: అవునండీ, మొదటి మూడు నెలల ఫీజూ దీనికే. విద్యానగర్ రోడ్డు మీద బండి జారిన రోజు మీవాడికి ఏ పట్టూ గుర్తుకు రాదు, గడ్డం మాత్రం దానంతటదే ఛాతీకి ఆనుతుంది.

పట్టును ఒంటి మీద తీసుకోవడం ఏం నేర్పుతుందో చెప్పే ఉదాహరణ ఇంకొకటి. పారిస్‌లో 2024 పారాలింపిక్స్‌లో అరవై కిలోల విభాగంలో కాంస్యం గెలిచిన కపిల్ పర్మార్‌ను చాలామంది మర్చిపోయారు. పారాలింపిక్ జూడోలో మన దేశానికి వచ్చిన తొలి పతకం అది. చూపు లేనివాళ్ల జూడోలో ఆట మొదలయ్యేలోపే ఇద్దరూ ఒకరి కోటు ఒకరు పట్టుకుని ఉంటారు, ఆ తర్వాతే రిఫరీ మొదలుపెట్టమంటాడు. ఎదుటివాడు ఏం చెయ్యబోతున్నాడో చొక్కా చేతిలోంచి, మెడపట్టులోంచి వినాలి. వేల సార్లు ఎదుటివాడి పట్టును ఒంటి మీద తీసుకుంటేనే ఆ వినికిడి అబ్బుతుంది.

చదువు కోసం జపాన్ వైపు చూడటం మనకు కొత్త కాదు. నిజాం కాలంలో విద్యాశాఖ డైరెక్టర్ సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్లి, అక్కడ సొంత భాషలో చదువులు ఎలా సాగుతున్నాయో చూసొచ్చి పుస్తకం రాశాడు. ఉర్దూలో చదువు చెప్పడానికి పెట్టిన ఉస్మానియాకు జపాన్ ఒక ఆదర్శం. ఆ రోజుల జపాన్‌లో ఉపాధ్యాయుల్ని తయారుచేసే టోక్యో కళాశాలను ఇరవై ఏళ్లకు పైగా నడిపి అప్పుడే రిటైరైన విద్యావేత్త మన కానోయే. జూడో ఆయన పెట్టిన బడి, మల్లయుద్ధపు అంగడి కాదు. టాగూరు 1905లోనే శాంతినికేతన్‌కు జిన్నొసుకే సానోను, 1929లో తకగకి షింజోను జూడో నేర్పడానికి పిలిపించాడు. వందేళ్లు గడిచాక మనం జపాన్ నుంచి తెచ్చుకున్నది తెల్ల బట్టలు, రంగు బెల్టులు, అరుపులు. పెద్దవాడు ముందు పడాలన్న పద్ధతిని ఓడరేవులోనే వదిలేశాం.

అందుకే పిల్లల్ని చేర్చబోయే తల్లిదండ్రులకు ఒక మాట. ఫీజు కట్టే ముందు ఒక క్లాసు మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడండి. మాస్టర్ ఎంతమందిని పడేశాడో లెక్కపెట్టొద్దు. కొత్తగా చేరిన పిల్లాడి చేతికి మాస్టర్ గానీ, ఆయన సీనియర్లు గానీ తమ ఒంటిని ఎన్నిసార్లు ఇచ్చారో చూడండి. గంటలో ఒక్కసారీ ఇవ్వకపోతే అక్కడ చేర్పించకండి.